శాంతి పేరంటాలు

మా అత్త చిట్టమ్మ నోట ఒడియా ముక్క రాదు. అర్థం కాక కాదు. పుట్టింది చికిటి దగ్గర, మెట్టింది చికిటి దగ్గర, కొనేదీ అమ్మేదీ అంతా ఒడియావాళ్ళతోనే. వాళ్ళు ఒడియాలో అడుగుతారు, మా అత్త తెలుగులో బదులిస్తుంది, బేరం కుదురుతుంది. అదొక పంతం ఆవిడకి. అలాంటి మనిషి ఏడాదికి ఒక్కసారి, శ్రావణమాసం చివరి శుక్రవారం నాడు, గలగలా ఒడియా మాట్లాడేది. ఆ మాట్లాడేది మా అత్త కాదు, చచ్చిపోయిన మా ఆడపడుచు శాంతి అని ఊరంతా నమ్మింది. బరంపురంలో డిగ్రీ చదివి, ఇలాంటివి వింటే నవ్వే ఇంట్లో పెరిగిన నేనూ నమ్మాను. నమ్మక చస్తానా, ఆ గొంతు విన్నదాన్ని.

మాది మొగలిపువ్వు మీద బతికే ఇల్లు. సముద్రం హోరు వినపడేంత దూరంలో, ఇసకనేలలో, గట్లన్నీ మొగలి పొదలే. వానాకాలం మొదలైతే తెల్లారీ తెల్లారకముందే కూలీలు కొడవలి కట్టిన వెదురుగడలతో పువ్వు కోస్తారు. ఎండెక్కితే వాసన పోతుంది కనక పరుగున మా అత్తరు భట్టీకి చేరుస్తారు. మా మామ అసిరయ్య ఆ పువ్వుని పెద్ద రాగి డేగిశాలో వేసి, నీళ్ళు పోసి, మూత చుట్టూ మట్టి మెత్తి, కింద మంట పెడతాడు. ఆవిరి వెదురు గొట్టంలోంచి దిగి, నీళ్ళతొట్టిలో కూర్చోబెట్టిన బిందెలో చల్లారి అత్తరవుతుంది. ఆ మూడు నెలలూ మా బట్టలకీ, మంచాలకీ, తినే అన్నానికీ అదే వాసన. కొత్తలో నాకు తలనొప్పి వచ్చేది. తర్వాత ఆ వాసన లేని రోజుల్లో వచ్చేది.

శాంతి మా ఆయన దిలీప్‌కి అప్ప, అంటే అక్క. పాత్రపూర్‌లో ఇచ్చారు. పెద్ద తుఫాను గోపాలపూర్ దగ్గర తీరం దాటిన ఏడు, నీళ్ళు తీశాక, మా భట్టీ వెనక మొగలిపొదలో ఒక ఆడమనిషి శవం చిక్కుకుని కనిపించింది. నీళ్ళలో నాని ఒళ్ళంతా ఉబ్బింది, మొహం చూడదగ్గట్టు లేదు, ఎవరూ చూడనూ లేదు. ఒంటి మీద చీర చూశారు. అది పెళ్ళికి మా అత్త బరంపురంలో నేయించిన పట్టుచీర. కొంగు అంచు ఒకచోట చిరిగితే మా అత్తే ఎర్రదారంతో రఫ్ఫు చేసింది. ఆ రఫ్ఫు మీద చెయ్యి పెట్టి ఆవిడ అక్కడే పడిపోయింది. పాత్రపూర్ అల్లుడు వచ్చాడు, ఏడవాల్సినంత ఏడ్చాడు, దహనం చేసి వెళ్ళాడు, మరుసటి ఎండాకాలానికి ఇంకో పెళ్ళి చేసుకున్నాడు.

ముత్తయిదువుగా పోయిన ఆడపిల్లని మా తెలుగువాళ్ళు పేరంటాలుగా నిలబెట్టుకుంటారు. శవం దొరికినచోటే, మొగలిపొద అంచున, గుండెలెత్తు గుడి కట్టి లోపల శాంతి ఫొటో పెట్టారు. శ్రావణ శుక్రవారం కొత్త చీర పెట్టి మొక్కుతారు. మర్నాడు ఆ చీర ఇంటి కోడలు కట్టుకోవాలి. నేను కాపరానికి వచ్చేసరికే శాంతి దేవత. బతికుండగా నేను చూడని మనిషి చీరలు ఏడాదికొకటి చొప్పున నా ఒంటి మీద పాతబడ్డాయి.

ఆ తల్లి అత్త ఒంటి మీదికి వచ్చినప్పుడు ఎప్పుడూ రెండే అడిగేది. చలేస్తోంది, ఏదైనా కప్పండి అనేది. పఖాళలో, అదే చద్దన్నంలో, కాల్చిన ఎండుచేప పెట్టమనేది. బతికుండగా మా అప్పకి ఎండుచేప వాసనే పడేది కాదని దిలీప్ ఒకసారి నోరు జారాడు. చచ్చాక రుచులు మారతాయేమోలే అని నేను హాస్యమాడితే రెండ్రోజులు నాతో మాట్లాడలేదు.

ఈ కథ జరిగిన ఏడు నాకు కడుపు. అంతకుముందు రెండుసార్లు నిలవకుండా పోయింది. మా అత్త నన్ను కళ్ళల్లో పెట్టుకున్నట్టు కాపాడేది. కొంగున వేపాకు ముడేసింది. మిట్టమధ్యాహ్నం జుట్టు విరబోసుకుని బయట తిరగొద్దంది. ఎవరైనా పిలిస్తే మనిషి కనపడేదాకా పలకొద్దంది. ఆ మధ్యాహ్నం ఆవిడా దిలీప్ చికిటి సంతకి వెళ్ళారు. మామ భట్టీ పాకలో కునుకు తీస్తున్నాడు. మంట ఆరకుండా చూస్తూ నేను డేగిశా పక్కన పీట మీద కూర్చున్నాను. ఆషాఢం ఎండ, గాలి లేదు. అంత హోరు పెట్టే సముద్రం కూడా ఆ పూట వినపడలేదు.

తలెత్తేసరికి గుడి ముందు ఒకావిడ నిలబడి ఉంది. నా వైపు వీపు. గుడికి అవతల దారి లేదు, మొగలిపొదలు, ఆకు అంచులనిండా ముళ్ళు. ఆవిడ ఎటునుంచి వచ్చిందో నాకు తెలియలేదు. ఫొటోలోకి వంగి, ముంగురులు సరిచేసుకోబోయి ఆగినట్టు చెయ్యి పైకెత్తి దించింది. తర్వాత ఇటు తిరిగింది.

రోజూ దీపం పెట్టి దణ్ణం పెట్టే మొహం. ఫొటోకన్నా పదేళ్ళు పైబడ్డ మొహం. ఎడమ కనుబొమ్మని చీల్చిన గాటు కూడా ఫొటోలో ఉన్నచోటే ఉంది.

"దాహమేస్తంది. కుసిన్ని నీళ్ళు పోస్తావేటి?" అంది.

నేను ముందు కాళ్ళు చూశాను. చిన్నప్పటినుంచీ విన్నది అదే కదా, వాటి పాదాలు వెనక్కి తిరిగి ఉంటాయని. ఆవిడవి ముందుకే ఉన్నాయి. ప్లాస్టిక్ చెప్పులు, ఒకదాని పట్టీ తెగితే పిన్నీసు పెట్టింది. దయ్యానికి పిన్నీసు ఎందుకు అని లోపల ఎవరో అన్నారు. అయినా చేతులు పొట్ట మీదికి పోయాయి. నేను కదలకపోయేసరికి ఆవిడే వచ్చి కుండలోంచి ముంచుకుని తాగింది. తాగుతున్నంతసేపూ నా చీర చూస్తూనే ఉంది. అది పోయినేడు పేరంటాలికి పెట్టిన చీర.

"నువ్వు దిలీప్ పెళ్ళానివి గదా. ఈ సీర నాదేనంట గదా," అంది.

తను సూరత్‌లో ఉంటున్నానంది. చీరల మిల్లులో దారాలు కత్తిరించే పని. గంజాం నుంచి వచ్చి తన గదిలో చేరిన ఒక పిల్ల ఊరి పండగ అంటూ ఫోన్లో వీడియో పెట్టి చూపిస్తే, అందులో తన ఫొటోకి బొట్టుపెట్టి హారతి ఇస్తున్నారట. పక్కనే వాళ్ళమ్మ ఊగిపోతోందట. ఆ రాత్రి అన్నం సయించలేదని, పని మానేసి రైలెక్కానని చెప్పింది. ఈ మాటలన్నీ మామూలుగా, బస్సులో పక్కన కూర్చున్న మనిషితో చెప్పినట్టు చెప్పింది.

అలికిడికి మామ లేచాడు. ఆయన కాళ్ళు చూడలేదు. నీడ చూడలేదు. ఒక్క క్షణం మొహంలోకి చూసి "బేబీ" అన్నాడు. చిన్నప్పుడు ఆయన పిలుచుకున్న ముద్దుపేరట అది, అంతవరకు నేను వినలేదు. ఉన్నచోటే ఇసకలో కూలబడి, ముసలాయన, చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

సంత నుంచి వచ్చిన అత్తకి ఈ ఏడుపు ముందు వినపడింది. నా కడుపుకేమైందోనని పరుగెత్తుకొచ్చింది. శాంతి లేచి "అమ్మా" అంది. అత్త ఆగిపోయింది. చూపు కూతురి భుజం దాకా వెళ్ళి, మొహం మీదికి వెళ్ళకుండా, తిరిగి నా మీదికి వచ్చింది. నా చెయ్యి పట్టుకుని ఇంట్లోకి లాక్కుపోయింది. గడప మీద ఉప్పు పోసి, ఉప్పు మీద కత్తిపీట అడ్డం పెట్టింది. దిలీప్ బతిమాలాడు, అప్పే నమ్మవే అన్నాడు. శాంతి బయటినుంచి ఆధార్ కార్డు చూపించింది. దయ్యాలకి ఆధార్ ఇవ్వరు గదా అని మామ అంత ఏడుపులోనూ అన్నాడు. అత్త కార్డు వైపు కూడా చూడలేదు.

"నా కూతురికి నాను దగ్గరుండి నిప్పెట్టించినాను. నా కూతురు గుళ్ళో ఉన్నాది," అంది. "ఇదేటో నాకు తెలీదు. కడుపుతోటి కోడలున్న ఇల్లు. గడప దాటనివ్వను."

అలా శాంతి భట్టీ పాకలో ఉండిపోయింది. పూటపూటకీ అత్తే వండి పట్టుకెళ్ళేది. పాక ముందు ఆకు పరిచి, అన్నం పెట్టి, చుట్టూ నీళ్ళు చల్లి, వెనక్కి చూడకుండా వచ్చేసేది. చచ్చినవాళ్ళకి పెట్టే పద్ధతి అది. చూడలేక నేను లోపలికి పోయేదాన్ని. కానీ ఒకటి గమనించాను. మాకు ఎండుచేప కాల్చిన రోజున ఆ పొయ్యి మీద శాంతికి వండేది కాదు. వేరే పొయ్యి రాజేసి, చేతులు కడుక్కుని, చింతచిగురు పప్పు వండేది. ఆవిడ నోరు ఒప్పుకోలేదు గానీ చెయ్యి ఎప్పుడో ఒప్పుకుంది.

శాంతి ఆ నీళ్ళగీత దాటి వచ్చి ఆకు ముందు కూర్చుని శుభ్రంగా తినేది. ఒకరోజు అత్త లేనిది చూసి దగ్గరికి వెళ్ళాను. ఇన్నేళ్ళు ఒక్క ఫోనైనా ఎందుకు చెయ్యలేదు వదినా అని అడిగాను. మొగుడు కొడితే రెండుసార్లు పారిపోయి వచ్చానని, రెండుసార్లూ వాళ్ళమ్మే నచ్చజెప్పి పాత్రపూర్ బస్సెక్కించిందని చెప్పింది. ఆ కనుబొమ్మ గాటు రెండోసారి బస్సెక్కాక తగిలింది. ఫోన్ చేస్తే మూడోసారి ఎక్కిస్తుందని చెయ్యలేదంది. అందులో కోపం లేదు. కోపం ఉంటే నాకు ఇంత బాధ ఉండేది కాదేమో.

ఈలోగా కూలీలు రావడం మానేశారు. కడుపుతో చచ్చిన ఆడది చిరుగుణి అవుతుందని, బతికున్నవాళ్ళ రూపంలో తిరుగుతుందని ఒడియావాళ్ళ నమ్మకం. అప్పట్లో దొరికిన శవం పొట్ట ఎత్తుగా ఉందని ఎవరో గుర్తు చేశారు, అసిరయ్య భట్టీలో చిరుగుణి కాపరం పెట్టిందని చికిటి దాకా పాకింది. కొయ్యని పువ్వు పొదల మీదే ఎండి, గోధుమరంగు తిరిగి, కుళ్ళింది. ఆ కుళ్ళు వాసన ఊరంతా కమ్మింది. భట్టీ చల్లారింది. ఈవిడని సాగనంపకపోతే మేమే ఏదో చెయ్యాల్సి వస్తుందని ఊళ్ళోవాళ్ళు మామతో అన్నారు. మా జిల్లాలో ఇలాంటి మాటలు ఎక్కడికి దారితీస్తాయో పేపర్లు చదివే నాకు తెలుసు. దిలీప్ ఆ రోజునుంచి పాక ముందే మంచం వేసుకున్నాడు.

అత్త చికిటి నుంచి గుణియా పూర్ణచంద్రని పిలిపించింది. భూతవైద్యుడంటే ఎలా ఉంటాడో అనుకున్నాను, స్కూటర్ మీద, కళ్ళజోడుతో, ఇన్సూరెన్స్ ఏజెంటులా వచ్చాడు. ఊరంతా చేరింది. శాంతిని ఎండలో నిలబెట్టి నీడ చూశాడు. చేతిలో ఇనుపమేకు పెట్టాడు. చివరికి పసుపుకొమ్ము నిప్పుల మీద వేసి ఆ పొగ ముక్కు కిందికి విసిరాడు. ఆ వాసనకి ఎంతటిదైనా కెవ్వుమని పారిపోవాలట. శాంతి ముక్కు ఎగబీల్చి గట్టిగా తుమ్మింది. ఇంకోసారి తుమ్మింది.

"మణిషొ," అన్నాడు పూర్ణచంద్ర కళ్ళజోడు తుడుచుకుంటూ. మనిషే.

జనంలో ఎవరో నవ్వారు. అప్పుడు మా అత్త అడిగింది, అందరూ మర్చిపోయిన మాట.

"అలాగైతే గుళ్ళో ఉన్నాది ఎవులు?"

నవ్వు ఆగిపోయింది. శాంతి ముక్కు తుడుచుకుని, మొదటిసారి ఆ సంగతి చెప్పింది. తుఫాను రోజు పాత్రపూర్ నుంచి సంచితో బయల్దేరి, దారిలో ఒక బడిలో తలదాచుకుంది. అక్కడ ఒక ఒడియా ఆవిడ, నిండు నెలలు, తడిసి ముద్దయి పళ్ళు టకటకలాడిస్తోంది. సంచిలో తడవనిది పట్టుచీర ఒక్కటే ఉంటే తీసి కట్టించింది. కొంతసేపటికి ఆవిడ మేకని కట్టు విప్పి వస్తానని బయటికి వెళ్ళింది. తిరిగి రాలేదు. గాలి తగ్గాక శాంతి రోడ్డు మీద నిలబడితే ఒక వైపు పుట్టిల్లు, ఒక వైపు బరంపురం స్టేషను. స్టేషను వైపు నడిచింది.

"పేరు అడగనేదు," అంది శాంతి. "ఎందుకో అడగాలని తోచనేదు."

చలేస్తోంది, కప్పండి. పఖాళ, ఎండుచేప. ఒడియా. ఇన్నేళ్ళూ మా చెవిలో పడుతున్నది అప్పటికి మా తలకెక్కింది. దిలీప్ నా వైపు చూసి మొహం తిప్పుకున్నాడు. ఊరంతా గుడి వైపు తిరిగి, అందులోని ఫొటో వైపు కాకుండా, వెనక పొద వైపు చూశారు. గాలి లేకపోయినా మొగలాకులు ఒకదానికొకటి రాసుకుంటున్నాయి. పూర్ణచంద్ర ఇనుపమేకూ, నిప్పుల కుండా సర్దుకున్నాడు. పేరు తెలియనిదాని మీద తన విద్య పనిచెయ్యదని మామతో ఒడియాలో చెప్పి, తాంబూలం ముట్టుకోకుండా స్కూటర్ ఎక్కాడు.

అంతా తేలింది కదా, ఇంక కత్తిపీట తీస్తుందని నేను అనుకున్నాను. అత్త తియ్యలేదు. ఆ సాయంత్రం పాక ముందుకి ఆకు తెచ్చింది. నీళ్ళు చల్లలేదు గానీ, కూర్చోనూ లేదు.

"ఇన్నేళ్ళు దాన్ని కూతురా అని పిల్సినాను," అంది నేల చూస్తూ. "పిల్సినప్పుడల్లా పలికినాది. ఇప్పుడు నువ్వు కాదు పొమ్మని ఎలాగ సెప్పను? కోడలి కడుపు మీద పగ పడితే ఎవులు కాస్తారు? అదీగాక, బస్సెక్కించినందుకు తప్పయిపోనాది అని ఏడిస్తే, అది కల్లోకొచ్చి నన్ను సెమించినానని సెప్పినాది."

"నాను ఇంకా సెప్పనేదు గదమ్మా," అంది శాంతి.

అత్త కొంగు నోట్లో కుక్కుకుని వచ్చేసింది. చచ్చిన కూతురితో తెగిన లెక్క బతికొచ్చిన కూతురితో మళ్ళీ మొదలెట్టాలంటే ఆవిడకి ధైర్యం లేదు, అంతే. నాకు ఇద్దరి మీదా జాలేసింది, ఇద్దరి మీదా విసుగూ వచ్చింది. శుక్రవారం దగ్గరికొస్తోంది. ఆ వేడుక అయిపోయాక తను వెళ్ళిపోతానని శాంతి సంచి సర్దుకుని పెట్టుకుంది. ఇంకోసారి వెళ్తే ఇక రాదని ఆ సంచి కట్టిన ముడి చూస్తేనే తెలిసింది.

ఆ శుక్రవారం మా గుడికి ఎప్పుడూ రానంత జనం వచ్చారు. ఎవరూ దగ్గరికి మాత్రం రాలేదు. మిట్టమధ్యాహ్నం మామ గంట కొట్టాడు, సాంబ్రాణి వేశారు. కొత్త చీర పళ్ళెంలో పెట్టుకుని నేను గుడి పక్కన నిలబడ్డాను. శాంతి పాక గుంజకి ఆనుకుని, సంచి కాళ్ళ దగ్గర పెట్టుకుని దూరం నుంచి చూస్తోంది. అత్త కళ్ళు మూసుకుంది. ఎప్పుడూ మెల్లగా మొదలయ్యే ఊపు ఆవేళ లేదు. నిశ్చలంగా ఉన్న మనిషి ఒక్కసారి కళ్ళు తెరిచి, సరాసరి నా దగ్గరికి వచ్చి మణికట్టు పట్టుకుంది.

ఆ ఎండలో ఆ చెయ్యి చల్లగా ఉంది. బావిలోంచి తీసిన తాడంత చల్లగా. రెండో చెయ్యి నా పొట్ట మీద పెట్టింది. పొద్దుటినుంచి తన్నుతున్న బిడ్డ ఆ చెయ్యి కింద కదలడం మానేసింది.

చిన్నవయసు గొంతు. ఒడియా. నన్ను అందరూ శాంతి అని పిలిచారు, నేను పలికాను అంది. ఇప్పుడు ఆ పేరుగలది వచ్చింది, తన పేరు తను తీసుకుంటుంది, మరి నన్ను ఏమని పిలుస్తారు అంది. పిలవకపోతే ఎక్కడ ఉండను అంది. నా మొహంలో మొహం పెట్టి అడిగింది.

"మో నా కొణొ?"

నా పేరేమిటి అని. నాకు తెలియదన్నాను. మళ్ళీ అడిగింది. పట్టు బిగిసింది. దిలీప్ వచ్చి వేళ్ళు విడదీయబోతే ఒక్క వేలు కదల్లేదు. మామ చేతిలో గంట జారి పడింది. మా అత్త వేళ్ళు కావు అవి. నాకు బిడ్డ తప్ప ఇంకేమీ గుర్తులేదు. కదలమ్మా, కదులు అని లోపల మొత్తుకుంటున్నాను.

శాంతి ఎప్పుడు వచ్చిందో చూడలేదు. నా పళ్ళెంలోంచి చీర తీసి, మడత విప్పి, అత్త భుజాల చుట్టూ కప్పింది. ఎదురుగా నిలబడి చీర అంచులు గడ్డం కిందకి దగ్గరగా లాగింది. ఆ బడిలో కూడా ఇలాగే కప్పిందేమో. చేతులు ఆ పని ఎరిగున్నట్టు చేశాయి.

ఒడియాలోనే మాట్లాడింది, మెల్లగా. మేక దొరికిందా అని అడిగింది. ఆ మొహం లేదన్నట్టు ఊగింది. ఆవేళ నీ పేరు అడగాల్సింది, అడగలేదు అంది శాంతి. కొంచెం ఆగి, తర్వాత మాటలు ఎందుకో తెలుగులో అంది.

"నా పేరు నువ్వే ఉంచుకో. పటం కూడా ఉంచుకో. ఆళ్ళు నిన్నే పిలుస్తారు, నువ్వే పలుకు. నాకు మా అయ్య పెట్టిన పేరు ఇంకోటి ఉన్నాది. నాకది సాలు."

పట్టు వదిలింది. వేళ్ళు ఒక్కొక్కటే వేడెక్కి మా అత్త వేళ్ళయ్యాయి. ఆవిడ చీర చుట్టుకునే ఇసకలో కూర్చుండిపోయింది. నా లోపల బిడ్డ గట్టిగా ఒక్క తన్ను తన్నింది. నేను పెద్దగా ఏడ్చేశాను.

అత్తకి ఎప్పటిలాగే ఏమీ గుర్తులేదు. దాహమంది. శాంతి చెంబుతో నీళ్ళు తెచ్చింది. చెంబు అందుకుంటూ అత్త ఆ చెయ్యి వదల్లేదు. అటూ ఇటూ తిప్పి చూసింది. మొదటిసారి మొహం చూసింది. కనుబొమ్మ మీద గాటు దగ్గర చూపు ఆగింది.

"సెయ్యి ఎచ్చగా ఉన్నాదే," అంది.

"మనిషిని గదమ్మా."

"లోపలికి రా. ఆకలేస్తాది."

గడప మీద కత్తిపీట అత్తే తీసింది. ఇంకేదో అడగబోయి మానేసింది. ఆ క్షమించే మాట వాళ్ళిద్దరి మధ్యా ఇంకా అలాగే ఉంది.

అప్పటినుంచి మా ఇంట్లో ఆవిడ బేబీ. మామ బేబీ అంటాడు, దిలీప్ అప్ప అంటాడు, నేను వదినా అంటాను. పొద్దుటే స్నానం చేసి వెళ్ళి తన ఫొటోకి తనే దీపం పెట్టి, శాంతమ్మ తల్లీ అని దణ్ణం పెట్టి వస్తుంది. కూలీలు ఒక్కొక్కరే తిరిగొచ్చారు. మిగిలిన పువ్వుతో భట్టీ మళ్ళీ రాజుకుంది. అత్త ఒక్కదానికే పేరు నోటికి రాక, ఏదో తప్పు చేస్తానని భయపడి, ఓసే, ఇదిగో అని నెట్టుకొచ్చేది.

ఆశ్వీజంలో, కోత ఆఖరి రోజుల్లో, ఒక మధ్యాహ్నం ఉన్నట్టుండి మబ్బేసింది. అత్త ఇంటి ముందు వడియాలు ఎండబెట్టి ఉంచింది. నిండుపొట్టతో నేనూ, బేబీ వదినా డేగిశా మూతకి మట్టి మెత్తుతున్నాం. మొదటి చినుకు పడగానే అత్త ఆదరాబాదరాగా గుమ్మంలోకి వచ్చి, అలవాటున, పాతికేళ్ళు పిలిచిన పిలుపు పిలిచింది.

"శాంతీ, బేగి రావే."

వదిన పలకబోయి నోరు మూసుకుంది. మట్టి చేతులతో నా వైపు చూసింది. గుడి వెనక మొగలిపొదలోంచి, ఎంతో దూరం కూడా కాదు, చిన్నవయసు గొంతు పలికింది.

"ఆసుచి, మా."

వస్తున్నా, అమ్మా అని. ముగ్గురం విన్నాం. అత్త గుమ్మంలో అలాగే నిలబడింది. వడియాలు తడిసిపోతున్నా చూడలేదు. తర్వాత లోపలికి వెళ్ళింది. పొయ్యి రాజేసిన చప్పుడు, ఎండుచేప కాలుతున్న వాసన. ఒక కంచంలో పఖాళ పోసి, పక్కన చేప పెట్టి, వానలో తడుస్తూ తీసుకెళ్ళి గుడి ముందు పెట్టింది. నీళ్ళు చల్లలేదు. వెనక్కి చూడకుండా రాలేదు. చూస్తూ చూస్తూ వచ్చింది.

వాన వెలిశాక కంచం ఖాళీగా ఉంది. ఏ కుక్కో తినుంటుందిలే అన్నాడు మామ. మా ఊరి కుక్కలు తిన్న కంచం కడిగి బోర్లించవు.